బస్సులో కారితే?

కథలకి ఉప్పూకారం దట్టించేవాళ్లంటే నాకు గిట్టదు. నేను జరిగింది జరిగినట్టు చెబుతాను. ఇందులో ఒక్క అబద్ధం దొరికినా మీసం గొరిగించుకుంటాను. పుట్టుకతో వచ్చిన మీసం, ఆషామాషీది కాదు.

పంక్చర్ల మామ ఇంట్లో పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. చెడిన పేగు కోసేశారు. మిగిలిన పేగు కొసని పొట్ట మీది కన్నంలోంచి బయటికి తెచ్చి కుట్టారు. దాన్ని స్టోమా అంటారట. దాని మీద సంచీ అతికించుకోవాలి. ఇక మలం వచ్చేది ఆ సంచీలోకే.

ఆస్పత్రినుంచి ఇంటికి వచ్చిన రోజే మామ భార్య గోడవైపు తిరిగి పడుకుంది. మామ మంచం అంచున కూర్చుంటే ముడుచుకుపోయేది.

"దగ్గరికి రాకు. వాసన," అనేది.

మామ లేచి వెళ్లి గుమ్మంలో కూర్చునేవాడు.

ఒకే కంచంలో తిన్న జంట. దుకాణంలో ఆయన ట్యూబుని నీళ్లలో ముంచితే, బుడగ ఎక్కడ లేచిందో ముందు ఆవిడ కంటికే కనబడేది. అలాంటి మనిషి ఇప్పుడు మొగుడి మొహం చూడదు. ముద్ద ముట్టదు. మంచినీళ్లు కూడా పెదవి తడుపుకునేంత వరకే.

నర్సు వచ్చి సంచీ మార్చేది. మారుస్తూ పాఠం చెప్పేది. తడి లేకుండా తుడవాలి, కొలతకి సరిగ్గా కత్తిరించాలి, అతికించాక అరచెయ్యి పెట్టి వెచ్చబడేదాకా నొక్కాలి. అన్నిటికీ మామ తల ఊపేవాడు. ఆవిడ గోడ సున్నం చూస్తూ ఉండేది.

ఒకరోజు వెళ్తూ వెళ్తూ నర్సు వరండాలో ఆగింది.

"పిన్ని తినాలి బాబాయ్. ఇట్లా పస్తులుంటే మనిషి దక్కదు."

"బతిమాలాను తల్లీ. తిట్టాను. కాళ్లు కూడా పట్టుకున్నాను. తన్నింది."

"గట్టిగానా?"

"ఎక్కడమ్మా, ఒంట్లో సత్తువుంటేగా."

ఇద్దరికీ నవ్వు రాలేదు.

మామ లోపలికి వచ్చి మళ్లీ గిన్నె పట్టుకున్నాడు. "రెండు చెంచాలు. నా మీద ఒట్టు."

"తిని?" అంది ఆవిడ, గోడతోనే. "రేపు మనుషుల్లోకి ఎట్లా పోతామయ్యా? నిండు బస్సులో కారితే ఏం చేస్తాం?"

మామ బతుకంతా కారేవాటిని ఆపిన మనిషి. లారీ ట్యూబైనా, పిల్లల బంతైనా ఆయన ప్యాచ్ వేశాడంటే ఊడదు. ఈ ఒక్క మాటకి మాత్రం ఆయన దగ్గర ప్యాచ్ లేదు. చెంచా గిన్నెలో పడేసి దొడ్లోకి వెళ్లి, పాత టైర్ల మధ్య కూర్చుని తల బాదుకున్నాడు.

మళ్లీ నర్సు వచ్చినప్పుడు చెయ్యి చాపాడు.

"ఒక సంచీ ఇవ్వు తల్లీ. నేనే అతికించుకుంటాను. ఎవరి సాయమూ వద్దు."

నర్సు ఏమీ అడక్కుండా ఇచ్చింది.

పొద్దున కాచిన గంజి ఆవిడ ముట్టలేదు. మామ ఆ గిన్నె తీసుకుని వెళ్లి, స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. ప్యాచ్ వేసే ముందు ట్యూబుని గరుకు కాగితంతో రుద్దాలి. చేతికున్న అలవాటు ఊరుకుంటుందా? పొట్ట మీద చర్మాన్నీ అలాగే రుద్దాడు. భగ్గున మండింది. పళ్లు బిగించి సంచీ అతికించాడు. ఉతికిన చొక్కా తొడుక్కుని బస్సెక్కాడు.

కాలు పెట్టడానికి చోటు లేదు. ఓ గతుకులో బస్సు ఎగిరిపడింది. సంచీ అంచు లేచింది. వెచ్చగా కిందికి జారింది. చొక్కా తడిసింది, పంట్లాం తడిసింది. పక్కనున్న టై కట్టిన అబ్బాయి ముక్కు మూసుకున్నాడు. వెనకసీటావిడ చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. అంత రద్దీలోనూ మామ చుట్టూ జాగా అయింది. చూపులన్నీ ఆ మరక మీదే.

మామ కడ్డీ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మూసినా ఆగలేదు, అందరి ముందూ ఏడ్చాడు.

ఇంటికి వచ్చి, ఆ తడి చొక్కాతోనే మంచం పక్కన నిలబడ్డాడు.

"కారింది."

గోడవైపునుంచే, "ఎక్కడ?"

"బస్సులో. నిండు బస్సు."

"మరేం చేశావ్?"

"ఏడ్చాను. ఇంతలో స్టాపు వచ్చింది. దిగాను. ఇంకో బస్సెక్కి వచ్చేశాను."

మంచం కిర్రుమంది. ఆవిడ ఇటు తిరిగింది. చొక్కా చూసింది, మొహం చూసింది.

"ఎత్తు."

మామ చొక్కా ఎత్తాడు. అంచు ఊడి వేలాడుతోంది. చుట్టూ చర్మం ఎర్రగా కందిపోయింది.

"గరుకు కాగితం పెట్టి రుద్దావా?"

"రుద్దాను."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! తడి లేకుండా తుడవమని ఆ పిల్ల నోరు నొప్పిపుట్టేలా చెబుతోంది కదా. నువ్వు విన్నదేంటి, తల ఊపిందేంటి?"

"నువ్వు విన్నావా?"

ఆవిడ దుప్పటి కొసతో ఆయన పొట్ట తుడిచింది. ఊడిన అంచుని మళ్లీ ఆనించి, దాని మీద అరచెయ్యి పెట్టింది. ఆ చేతిలో ఎముకలే ఉన్నాయి. వెచ్చబడేదాకా తియ్యలేదు.

"గంజి ఉందా?" అంది.

"అయిపోయింది. అన్నం ఉంది."

"ఇద్దరికీ పెట్టుకురా. మెత్తగా పిసుకు."

మామ కంచం కోసం పరుగెత్తి గడప తన్నుకున్నాడు.

ఇక నా మీసం గొరిగేవాణ్ణి పిలవండి. బస్సులో ఎవరూ ముక్కు మూసుకోలేదు, అది నా కల్పన. ఎందుకు మూసుకుంటారు, ఏ కోతా లేని మామ పొట్ట మీది సంచీలో ఉన్నది పొద్దున ఆవిడ ముట్టని గంజి, ఆపరేషన్ జరిగింది ఆవిడకి.