రెండుసార్లు ఓడించాలి

మోచెయ్యి నేరుగా నోటి మీద పడింది. రొడాంటే వెల్లకిలా పడ్డాడు. నాలుక కింద ఏదో గట్టిగా తగిలితే అరచేతిలోకి ఉమ్మాడు. పన్ను.

రిఫరీ ఈల ఊదలేదు.

స్టేడియం అంతా ఒక్కటే బూతులు. బాస్కెట్‌బాల్ కోర్టు మీద పెసో నాణేలు టపటపా రాలాయి. మనీలా జనానికి కోపమొస్తే ముందు జేబులోకే పోతుంది చెయ్యి.

“లే మామా,” జెరిక్ వంగి చెయ్యి చాపాడు. తాటిచెట్టంత కుర్రాడు. మొదటి స్థానం జట్టుకి వాడే గోడ. “మనవణ్ణి ఎత్తుకోవాల్సిన చేతులకి ఇంకా బంతెందుకు చెప్పు?”

రొడాంటే ఆ చెయ్యి విదిలించి కొట్టి, తనంతట తనే లేచాడు. నలభై దాటిన మోకాళ్ళు కలుక్కుమన్నాయి.

అతనిది ఎనిమిదో స్థానం జట్టు. లీగ్ నియమం ప్రకారం తర్వాతి దశకి వెళ్ళాలంటే మొదటి జట్టుని వాళ్ళు వరసగా రెండుసార్లు ఓడించాలి. మొదటి జట్టుకి మాత్రం ఒక్క గెలుపు చాలు. ఆదివారం రొడాంటే వాళ్ళు గెలిచారు. గెలిచి కూడా ఇవాళ మళ్ళీ చావో రేవో.

“ఇదేం న్యాయంరా?” జెర్సీతో నెత్తురు తుడుచుకున్నాడు రొడాంటే. “గెలిచినోళ్ళం మళ్ళీ గెలవాలా?”

“నెలల తరబడి ఒళ్ళు హూనం చేసుకుని పైకొచ్చాం మామా. మీరు చివర్లో దూరి, సమానంగా తూచమంటే ఎట్లా?”

“మాకూ ఒళ్ళు హూనమైందిరా!”

“ఇంకా కాలేదులే. ఇప్పుడు చేస్తాగా.”

అన్నట్టే చేశాడు. తర్వాతి బంతికి రొడాంటే డొక్కలో భుజం దించాడు. లోపల పుల్ల విరిగినట్టయింది. విరామంలో బెంచీ మీద కూలబడితే ఊపిరి సగం దాకే అందుతోంది.

కోచ్ సుములాంగ్ అతని మెడ పట్టుకున్నాడు. “వాడు నిన్ను నమిలి ఊస్తున్నాడు. నువ్వేమో వాణ్ణి గీరను కూడా గీరట్లేదు. ఏం, వాడంటే మెత్తబడుతున్నావా? చెప్పు, ఇంకొకణ్ణి దింపుతా.”

“వద్దు. గీత లోపల నాకెవరూ లేరు.”

ఆ మాట నిలబెట్టుకున్నాడు. వచ్చీ రాగానే జెరిక్ తొడలో మోకాలు దించాడు. రెండోసారి కంటి మీద గుద్దాడు. జెరిక్ కనుబొమ చిట్లి ముఖమంతా ఎర్రబడింది. వాడు నవ్వడం మానేశాడు. రొడాంటేని జెర్సీ పట్టి విసిరితే వెళ్ళి ప్రకటనల బోర్డుల మీద పడ్డాడు. లేచి మళ్ళీ వచ్చాడు. ఇద్దరి నెత్తురూ ఒకే చెక్క నేల మీద పడి జారుడయింది.

ఆఖరి క్షణాలు. ఒక్క పాయింటు వెనక. బంతి రొడాంటే చేతిలో.

ఎదురుగా జెరిక్, రెక్కలు చాపి. “రా మామా, రా.”

వెళ్ళాడు. జెరిక్ ఆపడానికి గాల్లోకి లేచాడు. రొడాంటే కుడిచేత్తో బంతి వదిలాడు. ఎడమ మోచెయ్యి వాడి గొంతులోకి పొడిచాడు. కావాలనే. ఆదివారం నుంచీ, అంతకుముందు నుంచీ దాచుకున్న కసంతా అందులో ఉంది.

బంతి వలలోంచి జారింది. జెరిక్ తల నేలకి తగిలిన చప్పుడు, కొబ్బరికాయ కొట్టినట్టు, పైవరసల దాకా వినిపించింది.

హారన్ మోగింది. ఎనిమిదో జట్టు రెండోసారి గెలిచింది.

సహచరులు రొడాంటేని భుజాలకెత్తుకున్నారు. పైనుంచి చూస్తే జెరిక్ కాళ్ళు అదురుతున్నాయి. చెవిలోంచి సన్నగా నెత్తురు.

“దించండి! దించండ్రా నన్ను!” ఎత్తుకున్నవాళ్ళనే కొట్టి దిగాడు. స్ట్రెచర్ వెనకాలే పరిగెత్తాడు.

అంబులెన్స్ దగ్గర జెరిక్ జట్టువాడొకడు అతని ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి నెట్టాడు. “చేసింది చాలదా? సిగ్గులేదూ?”

రొడాంటే తిరిగి నెట్టలేదు.

బండిలోంచి నర్సు తల బయటికి పెట్టింది. “ఒక్కరికే చోటు. త్వరగా రండి. ఈ అబ్బాయి తాలూకు ఎవరు?”

“మా అల్లుడమ్మా,” అంటూ రొడాంటే తలుపు పట్టుకుని ఎక్కాడు.