పెన్సిలు గీత

రెన్యువల్ కోసం పుస్తకాన్ని లైబ్రరీ బల్ల మీద పెట్టి ఆమె రెండు నిమిషాలు పక్కకు వెళ్లింది.

వచ్చేసరికి ఓ ముసలాయన అందులో పెన్సిలుతో గీస్తున్నాడు.

"ఏంటండీ, ఇదేమన్నా మీ తాతల సొత్తా?"

"ఇక్కడ తప్పుందమ్మా."

"అచ్చయింది తప్పూ, మీరు గీకింది ఒప్పూనా?"

"చేసి చూస్తే తెలుస్తుంది. ఇంకా రెండు కాపీలున్నాయి. అవీ దిద్దేసి వెళ్లిపోతా."

"ఒకటి పాడుచేసింది చాల్లేదూ?"

ఆమెకు ఒళ్లు మండింది. బడిలో సైన్సంటే నల్లబల్ల మీద బొమ్మే. అది భరించలేకే కూతుర్ని మాన్పించి, ఈ పుస్తకాన్ని నమ్ముకుని ఇంట్లో చదువు చెబుతోంది. అందులో ముప్పై ఒక్క ప్రయోగాలు అయ్యాయి.

వెళ్లి లైబ్రేరియన్‌ను నిలదీసింది. అతను ఆ ఉద్యోగంలో చేరి వారమే అయింది.

"పెద్దాయన కదండీ, పోనివ్వండి."

"పెద్దాయనైతే పిల్లల పుస్తకం గీకొచ్చా? పుస్తకాల్లో గీస్తే కార్డు రద్దని ఆ బోర్డు మీద రూలు రాసింది ఎవరికోసం?"

ముసలాయన తన లైబ్రరీ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. పెన్సిలు జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు.

ఇంటికి రాగానే ఆమె చేసిన మొదటి పని, ఆ రాత చదవకుండానే రబ్బరుతో చెరిపేయడం.

ఆ పేజీలోదే ముప్పై రెండో ప్రయోగం. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, పైన గాజు గ్లాసు బోర్లించారు. మంట ఆరింది. నీళ్లు గ్లాసులోకి ఎక్కాయి.

"చూశావా? ఇందులో రాసినట్టే, లోపలి ఆక్సిజన్ మంటకు ఖర్చయిపోయింది. ఆ చోటులోకి నీళ్లొచ్చాయి."

"మూడు కొవ్వొత్తులు పెడదామా అమ్మా?"

"ఎందుకే?"

"ఊరికే."

ఈసారి నీళ్లు రెట్టింపు ఎత్తుకు ఎక్కాయి.

"గ్లాసు అదే కదమ్మా. లోపలి ఆక్సిజనూ అంతే కదా. మరి నీళ్లెందుకు ఎక్కువొచ్చాయి?"

పుస్తకంలో జవాబు లేదు.

ఆమె ఆ పేజీని కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుంది. చెరిపినా పెన్సిలు నొక్కులు మిగిలాయి.

"ఇది తప్పు. వేడికి కొంత గాలి ముందే బయటికి పోతుంది. మిగిలింది చల్లారి ముడుచుకుంటే నీళ్లు ఎక్కుతాయి. మూడు కొవ్వొత్తులతో చేసి చూడండి."

మర్నాడు తలుపులు తీసేసరికే ఆమె లైబ్రరీలో ఉంది.

"ఆయన చెప్పిందే నిజమండీ. ఆ కార్డు ఇచ్చేయండి."

"నిన్ననే కత్తిరించేశాను."

"ఎలా కత్తిరిస్తారు? ముందూ వెనకా చూసుకోరా?"

"మీరే కదండీ రూలు చూపించింది."

అతను సొరుగులోంచి రెండు ముక్కలు తీసి బల్ల మీద పెట్టాడు.

ఆమె వాటిని దగ్గరకు జరిపి పేరు చదివింది.

నెల రోజులుగా ప్రతి ఉదయం ఆ పుస్తకం అట్ట మీద చూస్తున్న పేరే అది.