బోగీకి ముద్దుపేరు

"బోగీ అంటే ఏమిటో తెలియదట! నేను పేరు పెట్టిన బోగీ గురించి నాకే ఎదురు చెబుతుందా ఈ కంపైలరు?"

బావగారి గావుకేకకి ఆఫీసులో ఫ్యాను ఓ క్షణం ఆగి మళ్లీ తిరిగిందంటే నమ్మండి. గూడ్సు రైళ్లకి బోగీలు తగిలించే ప్రోగ్రాం అది, సీ భాషలో; దాన్ని యంత్రభాషలోకి మార్చాల్సిన కంపైలరేమో మొరాయిస్తోంది. ఇంకాసేపట్లో యజమాని వస్తాడు, అది నడవడం చూస్తాడు, కొత్త చీఫ్ ఎవరో చెబుతాడు. ఎవరో ఏమిటి, బావగారే! ఆ ధీమాతోనే పొద్దున్నే వచ్చి ఖాళీ కేబిన్ తలుపుకి 'చీఫ్' అనే ఇత్తడి బోర్డు స్వహస్తాలతో బిగించేశారు. స్క్రూడ్రైవరింకా చొక్కా జేబులోనే ఉంది.

ప్రోగ్రాంలో రెండో సగం రాస్తున్నది బావగారి భార్య చెల్లెలే. పక్క సీట్లోంచి మెడ సాచింది.

"బావా, బోగీ వివరాలన్నీ మూటగట్టిన ఈ స్ట్రక్చర్‌కి అసలు పేరేదీ?"

"ప్రతిసారీ 'స్ట్రక్ట్ ఫలానా' అని ఎవరు రాస్తారు మరదలా, చేతులు పడిపోవూ! అందుకేగా టైప్‌డెఫ్ వేసి, చివర్లో 'బోగీ' అని ముద్దుపేరు పెట్టుకున్నాను."

"పెట్టింది చివర్లో, పిలిచింది మధ్యలో! ప్రతి బోగీ లోపలా తర్వాతి బోగీ చిరునామా ఉండాలి కదా. అక్కడికి మీ ముద్దుపేరు ఇంకా పుట్టనే లేదు. స్ట్రక్ట్ పక్కన అసలు పేరొకటి రాసి, లోపల దాంతోనే పిలవండి. బ్రాకెట్టు మూసి ముద్దుపేరు పెట్టాక మీ ఇష్టం. అంత తొందరైతే ఎలా బావా?"

"నా బుర్రలో గుజ్జు కూడా ఇంకా పుట్టినట్టు లేదు," అని నెత్తిన మొట్టుకుని దిద్దారు బావగారు. తెర మీద బోగీలన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని చకచకా కదిలాయి.

యజమాని వచ్చాడు, చూశాడు, మురిసిపోయాడు.

"ఇందాక ఆగిపోయిందటగా! సరిచేసిందెవరు?"

"మా మరదలేనండీ," అన్నారు బావగారు. చీఫ్ కాబోయేవాడికి ఆమాత్రం పెద్దమనసు ఉండొద్దూ! కాలరు సర్దుకుని, కుర్చీలోంచి సగం లేచి నిలబడ్డారు కూడా.

"నేననుకున్నదే. అయితే ఇవాళ్టి నుంచి ఈవిడే మన చీఫ్!"

సగం లేచిన బావగారు కూర్చోవాలో నిలబడాలో తేలక అలాగే ఉండిపోయారు. యజమాని చూపు కేబిన్ తలుపు మీద పడింది. అక్కణ్నుంచి బావగారి జేబులోని స్క్రూడ్రైవర్ మీదికి వచ్చింది. ఆయన భుజం గట్టిగా తట్టాడు.

"నేను నోరు విప్పకముందే బోర్డు కూడా బిగించేశారా! మరదలంటే ఎంత అభిమానమండీ మీకు!"