సెకనుకు పది

పుంగనూరు నుంచి మదనపల్లె కాలేజీకి వెళ్లే బస్సులో, పక్క సీట్లో కూర్చున్న పిన్ని కూతురు జెమీమా అసైన్‌మెంటు తబిత కంటబడింది. పైపులో అమోనియా ఫ్లో రేటు 36 అని ఉంది. యూనిట్ మీద జెమీమా బొటనవేలు అడ్డముంది.

తబితకు వచ్చింది పది.

చర్చిలో సోలో పాట జెమీమాకే ఇచ్చారు. ఇప్పుడు లెక్క కూడా దానికే రావాలా? బస్సు దిగీ దిగగానే తబిత తన పదిని కొట్టేసి, సెకనుకు ముప్పై ఆరు మోల్స్ అని రాసి, అందరికంటే ముందు సారు చేతిలో పెట్టేసింది. ఈ ఒక్కసారైనా జెమీమా వెనకబడాలి.

బయటికి రాగానే జెమీమా ఎదురొచ్చింది.

"అక్కా, నాకు గంటకు ముప్పై ఆరు కిలోమోల్స్ వచ్చిండాది. అంటే సెకనుకు పది మోల్స్ గదా? నీకెంతొచ్చిండాది?"

తబిత మనసులోనే లెక్క వేసుకుంది. రెండూ ఒకటే. తను కొట్టేసిన పదే సరైన జవాబు.

"సెప్పుక్కా. నీకూ పదే వచ్చింటే నేను ధైర్యంగా ఇచ్చేస్తా."

లోపల సారు చేతిలో ఉన్న కాగితం గుర్తొచ్చింది తబితకు.

"నాకు... సెకనుకే ముప్పై ఆరు."

జెమీమా ఇంకో మాట అడగలేదు. కాగితాన్ని గోడకు ఆనించి, తన జవాబును అడ్డంగా కొట్టేసింది.

"సిన్నప్పట్నుంచీ నీ లెక్క యెప్పుడు తప్పింది గనక?" అని నవ్వింది. "అందుకేక్కా, నిన్ను సూస్తే నాకంత కుళ్లు."