పంతొమ్మిదో మాట

ఊరూరికీ సొంత ఉపగ్రహం ఉన్న కాలమది. సూరాడపేట రేవులోని పంతొమ్మిది ఇళ్లు కలిసి తుఫాను కబురు కోసం తయారుచేసుకున్నది సొరకాయంత ఉంటుంది. దాన్ని కూల్చే ఆదేశాన్ని పంతొమ్మిది రహస్యపు మాటలుగా విడగొట్టి, చేపల వేటలో వాటాలు పంచుకున్నట్టే ఇంటికొకటి అప్పగించుకున్నారు. అన్నీ కలిస్తేనే అది కూలుతుంది.

ప్రభుత్వ అధికారి డాబా ఎక్కేసరికి నూకరత్నం యాంటెనా పక్కన చేపలు ఎండబెడుతోంది.

"చిన్న ఉపగ్రహాలన్నీ కూల్చేయాలని ఉత్తర్వమ్మా. తుఫాను కబురు ఇక పెద్ద ఉపగ్రహాల కంపెనీయే పంపుతుంది. పద్దెనిమిది ఇళ్లవాళ్లు మాట చెప్పేశారు. మీదే మిగిలింది."

"కంపెనీ కబురు ముందు ఎవరికెళ్తాది బాబూ?"

"నగరానికి. గంట తర్వాత రేవులకి."

"ఆ గంట మా పడవలు ఎక్కడుండాలి?"

అతడు చేతిలోని ఫారం తెరిచాడు. పంతొమ్మిది మందికి చెందిన వస్తువు ఏ ఒక్కరికైనా చెందుతుందా అన్న సందేహం ఆమెకు మొదటినుంచీ ఉంది. అది ఇప్పటికీ తీరలేదు. కాదనడానికి మాత్రం ఒక్కరు చాలు.

అతడు గొంతు తగ్గించాడు. "మాట మరిచిపోయారని రాస్తాను. మీ మీదికి కేసు రాదు."

ఆమె చేపను తిరగేసింది. "ముసల్దాన్నే గానీ మరుపు లేదు. గురుతుంది, సెప్పనంది అని రాయి."

అతడు రాశాడు. గదిలో రిసీవరు మోగింది. ఉపగ్రహం తలమీదికి వచ్చింది. అలల ఎత్తు పడవలకు చెప్పడానికి ఆమె చేతులు తుడుచుకుని లేచింది.

"కింద నా పేరు కూడా రాయి," అంది లోపలికి వెళుతూ.