పక్క గుడిసె

...గడ్డకట్టిన ఇంత పెద్ద సరస్సు ఖాళీగా పడి ఉంటే, ఆ ముసలాయన తన గుడిసెను సరిగ్గా నా పక్కకే ఎందుకు ఈడ్చుకొచ్చినట్టు?

వెండెల్ గుడిసె నేలలోని కంతలోంచి, మంచులో తొలిచిన రంధ్రంలోకి చూస్తూ కూర్చున్నాడు. కింద నల్లటి నీళ్లు. గాలం దారం కదలడం లేదు. కదిలినా లాగాలనిపించదని అతనికి తెలుసు.

ఇంకెందుకు, చోటు కోసమే. ఉత్తర మిన్నెసోటాలో ఒకడి పక్కన ఇంకొకడు గుడిసె దించాడంటే, అక్కడ చేపలున్నాయని పసిగట్టాడన్నమాట. అది దొంగతనం కాదు. దొంగతనం కంటే నీచం.

తలుపు చప్పుడైంది.

తీయక తప్పదు. మంచు మీద తలుపు తడితే శత్రువుకైనా తీస్తారు. ఎవరి కాళ్ల కింద మంచు విరిగిందో ఎవరికి తెలుసు?

“ఏమోయ్ వెండెల్, పడుతున్నాయా?”

గుమ్మంలో ఆ ముసలాయనే, ఆర్విడ్. గడ్డం తెల్లగా గడ్డకట్టి ఉంది.

“లేదు.”

“నాకూ అంతే. నీ చేపలకీ నా చేపలకీ ఒకటే పొగరు. కాస్త ఉప్పుందా?”

“నిన్న అగ్గిపెట్టె. మొన్న ఎరలు. నీ దగ్గర ఏమీ ఉంచుకోవా పెద్దాయనా?”

“ఉంచుకుంటే ఈ చిటపటలు వినే యోగం ఎలా పడుతుంది?”

ఉప్పు పుచ్చుకుని వెళ్లిపోతాడా అంటే అదీ లేదు. పొయ్యి దగ్గర కూలబడ్డాడు. కాఫీ చప్పరించి మొహం చిట్లించాడు.

“మా చర్చిలో ఇచ్చే కాఫీకంటే ఘోరంగా ఉందయ్యా ఇది. ఇంకో కప్పు పొయ్యి.”

వెళ్లేముందు రోజూ ఒక మాట అడుగుతాడు.

“రాత్రి నిద్రపోయావా?”

మంచు మీద ఆ మాట ఎవరూ అడగరు. చేపల సంగతి అడుగుతారు, అంతే.

వెండెల్ సరిగా నిద్రపోయి చాలాకాలమైంది. ఊళ్లో డాక్టరమ్మ డిప్రెషన్ అంది. బద్ధకం కాదు, పిరికితనం కాదు, జబ్బు అని విడమరిచి చెప్పింది. మాత్రలిచ్చింది. కొన్నాళ్లు మింగాడు. ఏ తేడా తెలియలేదు. మానేశాడు. మళ్లీ రమ్మన్న రోజున వెళ్లలేదు.

అక్క డోరిస్ ఫోన్ చేసి, “ఒరే, ఒక్కసారి వెళ్లరా, నీకు దణ్ణం పెడతా,” అంది.

“చేపలు తెగ పడుతున్నాయక్కా. తీరిక లేదు,” అన్నాడు.

ఆ అబద్ధానికి కట్టుకున్న ఇల్లే ఈ గుడిసె. ఈమధ్య ఆ నల్లటి నీళ్లు తనను పేరు పెట్టి పిలుస్తున్నట్టుంటోంది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఫిబ్రవరిలో ఒకరోజు ఆర్విడ్ కప్పు దించి అడిగాడు.

“మాత్రలు మానేశావా?”

“ఎవరు చెప్పారు నీకు?”

“ఒకరు చెప్పాలా? నేనూ మింగినవాణ్ణే. మొదట్లో సున్నం మింగినట్టే ఉంటుంది నాయనా. వారాలు పడుతుంది. ఒకటి పనిచేయకపోతే ఇంకోటి ఇస్తారు. ఆ డాక్టరు దగ్గరికి ఓసారి...”

“నా చోటు కావాలంటే చోటు అడుగు. నా బుర్రలో వేలు పెట్టకు. పో!”

ఆర్విడ్ లేచాడు. గుమ్మంలో ఆగి చుట్టూ చూశాడు.

“మంచి చోటే,” అన్నాడు. “ఒంటరిగా కూర్చోడానికి మాత్రం కాదు.”

మర్నాడు మళ్లీ తలుపు చప్పుడు. వెండెల్ తీయలేదు.

“ఏమోయ్, కోపమా? సరే, తీయకు. దగ్గితే చాలు, పోతాను.”

వెండెల్ పళ్లు కొరికాడు. ఆఖరికి దగ్గాడు.

“అదీ!”

మంచు మీద బూట్లు కిర్రుమంటూ దూరమయ్యాయి.

ఆ తర్వాత ఎవరూ తట్టలేదు. పక్క గుడిసె పొగగొట్టంలోంచి పొగ లేదు. పీడ విరగడైందనుకున్నాడు వెండెల్. ఎరల కొట్టుకు వెళ్లినప్పుడు తెలిసింది, ఆర్విడ్ ఇంట్లో నిద్రలోనే గుండె ఆగి పోయాడని. అప్పటికే మట్టి చేయడం కూడా అయిపోయింది.

మార్చి వచ్చింది. మంచు మెత్తబడేలోగా గుడిసెలన్నీ ఒడ్డుకు చేర్చాలి. ఆర్విడ్ కూతురు మారిట్ పికప్ వేసుకుని వచ్చింది.

“అన్నా, కాస్త చెయ్యేస్తారా? కదిలి చావడం లేదు.”

“రంధ్రం అంచులు బిగుసుకుని ఉంటాయమ్మా. లోపల్నించి కొట్టాలి.”

వెండెల్ గడ్డపార పట్టుకుని లోపలికి వెళ్లాడు. ఒక పొయ్యి. ఒక కుర్చీ. వెండెల్ తలుపు వైపు తెరిచిన చిన్న కిటికీ.

నేల మీద పరిచిన చాప ఎత్తాడు. పలకలు. కుర్చీ జరిపి చూశాడు. పలకలే. ఎక్కడా కంత కోసిన జాడే లేదు.

“మీ నాన్న చేపలు ఎక్కడ పట్టేవాడమ్మా?”

“నాన్నా? మా అన్నయ్య పోయాక గాలమే ముట్టలేదండీ.”

మారిట్ అవతలి ఒడ్డు వైపు చూసింది.

“అన్నయ్య గుడిసె అక్కడుండేది. ఆ చలికాలమంతా ఒక్కడే కూర్చున్నాడు. ఎవరూ తలుపు తట్టలేదు. మేమూ చేపల కోసమే అనుకున్నాం. అప్పట్నుంచీ నాన్న ప్రతి ఏడూ, ఎవరు ఒంటరిగా కనిపిస్తే వాళ్ల పక్కకి దీన్ని ఈడ్చుకెళ్లేవాడు. చాదస్తం అని నవ్వేవాళ్లం.”

వెండెల్ గడ్డపార అందుకున్నాడు. బయటికొచ్చి, గుడిసె అడుగున బిగిసిన మంచును చుట్టూ కొట్టాడు. ఆమె బండి లాగింది. గుడిసె మెల్లగా ఒడ్డు వైపు జారిపోయింది.

అది ఉన్నచోట మంచు నున్నగా, ఎక్కడా రంధ్రం లేకుండా మిగిలింది.

చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత చేతి తొడుగును పళ్లతో లాగి, ఫోన్ తీశాడు.

“వెండెల్ కాంగస్‌ని. శీతాకాలం మొదట్లో రావాల్సింది... రాలేదు.”

“పర్లేదండీ, చాలామంది అలాగే చేస్తారు,” అంది క్లినిక్ అమ్మాయి. “మీ అంతట మీరే ఫోన్ చేస్తున్నారా, ఎవరైనా చేయమన్నారా?”

“మా పక్క గుడిసె పెద్దాయన చేయమన్నాడు,” అన్నాడు వెండెల్.