అత్తగారి చెవి

వీధిలో ఎగిరే బళ్ల రొద భరించలేక కాకినాడ అంతా చెవుల్లో బిరడాలు పెట్టుకున్నాక, ఇంట్లోవాళ్ల మాటలు కూడా ఎవరి గొంతు ఏ చెవికి ఎంత వినపడాలో సర్దే, వంటింటి గోడకున్న స్టీరియో మిక్సర్ గుండానే ఆ బిరడాల్లోకి చేరుతున్నాయి. అందులో అత్తగారి చెవులకి మీటలు అమర్చింది చిన్నకోడలు మోక్షిత. పెద్దకోడలు సునయనకి అక్కడే ఒళ్లు మండింది.

మోక్షిత నోరు విప్పితే చాలు, అత్తగారు పని ఆపి, తల పక్కకి వంచి మరీ వింటుంది. సునయన మాట్లాడితే మాత్రం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే "ఊఁ" అంటుంది.

ఆ ఉదయం సునయన మిక్సర్ మూత తీసి చూసింది. మోక్షిత గొంతు మీట కొసదాకా పైకుంది, దాని నాబ్ ఎడం చెవి వైపు తిరిగుంది. తన మీట సగంలోనే ఉంది, నాబ్ కుడి చెవి వైపుంది.

"అమ్మ దొంగా!" అనుకుని రెండింటినీ తారుమారు చేసేసింది.

"అత్తయ్యా, పులుసులో బెల్లం వెయ్యనా?"

అత్తగారు చిక్కుడుకాయలు పక్కన పెట్టి తల వంచింది. సునయనకి ప్రాణం లేచొచ్చినట్టయింది.

"ఏంటే, నూతిలోంచి మాట్టాడినట్టుంది? ఎడం చెవిలోకొచ్చావేంటి? అది ఎప్పుడో సగం పోయింది కదే, నీకు తెలీదా? పెద్దదానివని మంచి చెవి నీకొదిలేసి చిన్నది ఇందులో సర్దుకుంది."

మోక్షిత గబగబా వచ్చింది. "నేను సరిచేస్తాలే అక్కా."

మంచితనంలోనూ ఇదే ముందా! సునయన మిక్సర్‌కి అడ్డంగా నిలబడింది.

"చెయ్యి తియ్యి. ఆ చెవి ఇక నాది."